గుచ్చుకోని పల్లేరు కాయలు

శాలిబండ,
28 అక్టోబర్ 2025.

బోనాల దాకా నాతో మాట్లాడనని అమ్మవారి మీద ఒట్టు వేసుకున్న రాజమణి అక్కకు, ఏ ఒట్టూ వేసుకోని తమ్ముడు రామ్‌చందర్ దండాలు.

ఫోన్ చేస్తే ఎత్తవు. నిన్న లాల్‌దర్వాజా దాకా వస్తే, నా ఎదురుగానే కోడలిని పిలిచి "పూజితా, గా వచ్చినాయనకు చాయ్ కావాల్నేమో అడుగు" అన్నావు. "నిమ్మళంగ ఉన్నవా అక్కా" అని నేనంటే బర్రె వైపు తిరిగి "కొందరికి సిగ్గు షరం లేదే" అన్నావు. బర్రె తలూపింది. అంటే మీ డెయిరీలో బర్రెలు కూడా నాకు వ్యతిరేకమేనన్నమాట.

ఏడో తరగతి తప్పినవాడి చేత ఉత్తరం రాయించిన ఘనత నీదే. మాట్లాడనన్నావు గానీ చదవనని అనలేదు కదా. పొద్దున్నే మా గల్లీలో పాలు పోయడానికి వచ్చే సోమశేఖర్ బావ చేతికే ఇస్తున్నాను. "నీకూ మీ అక్కకూ నడుమ నేనేమన్న పోస్ట్‌మ్యాన్‌నారా" అని గులుగుతున్నాడు. గులగనీ. పాలలో కలిపే నీళ్ళ కంటే ఉత్తరం బరువేమీ కాదు.

అసలు సంగతికి వస్తాను. ఆదివారం వనభోజనాల్లో జరిగింది నా చిలిపి పని కాదు. శంషాబాద్ అవతల ఆ జాగాను నేను చూసింది వానాకాలంలో. నడిమధ్య ఉసిరి చెట్టు, చుట్టూ నేలను కరుచుకుని పచ్చటి తీగ, తీగ నిండా చిన్న చిన్న పసుపు పూలు. టెంట్‌హౌస్ నడిపేవాడిని, దేవుడే జంపఖానా పరిచి పెట్టాడు, మనం పరిచే పని తప్పింది అనుకున్నాను. అది పల్లేరు అనీ, కార్తీకం వచ్చేసరికి ఆ పూలన్నీ ఎండి కొమ్ములున్న ముళ్ళ కాయలవుతాయనీ శాలిబండలో పుట్టినవాడికి ఎవరు చెప్పారు? మన గల్లీలో మొలిచేవి స్కూటర్లు తప్ప ఇంకేమున్నాయి?

"దేవుని చెట్టు, చెప్పులు గీడనే ఇడువుండ్రి" అని అరిచింది నేనే, కాదనను. సగం భక్తి, సగం నా కొత్త జంపఖానాల మీద ప్రేమ. పిల్లల ఫుట్‌బాల్ ఉస్సుమన్నప్పుడు నవ్వాను. బావ స్కూటర్ టైర్లు రెండూ నేలకు అంటుకున్నప్పుడు ఇంకా నవ్వాను. లక్ష్మీకాంతమ్మ పెద్దమ్మ పులిహోర గిన్నెతో కూర్చున్న దానికన్నా వేగంగా లేచినప్పుడు నవ్వలేక కింద కూర్చున్నాను, నాకూ దిగాయి. నవ్వడం తప్పే. కానీ నేనే కాయలు తెచ్చి చల్లానని పది మందిలో అన్నావు చూడు, అది అన్యాయం.

జవాబు రాయి. లేకపోతే రోజుకొకటి రాస్తాను. నా చేతిరాత నీకు తెలుసు కదా, చదవడమే శిక్ష.

నీ తమ్ముడు
రామ్‌చందర్

*

లాల్‌దర్వాజా,
30 అక్టోబర్.

రామ్‌చందర్‌కు,

ఆశీస్సులు రాయడం లేదు, వెతుక్కోకు. ఒట్టు నోటికి వేసుకున్నాను, చేతికి కాదు కాబట్టి రాస్తున్నాను.

నీ మాట నమ్మాలా? పూజిత సీమంతానికి షర్బత్‌లో చక్కెర బదులు ఉప్పు పోసింది ఎవరు? వారం రోజులు నల్లా బంద్ అని చెప్పి గల్లీ గల్లీ చేత బిందెలు, బకెట్లు, ఆఖరికి అన్నం గిన్నెలు కూడా నింపించింది ఎవరు? మీ బావ రిటైర్ అయ్యాడని పేపర్ మీద రాసి మన గేటుకు అంటించావు. పాలు పోసేవాడికి రిటైర్‌మెంట్ ఏమిటని ఎవరూ అడగలేదు, అందరూ దండలు తెచ్చారు. ఇన్ని చేసినవాడు, పసుపు పూలు చూసి మోసపోయానంటే నేను నమ్మాలి!

లక్ష్మీకాంతమ్మ పెద్దమ్మ ఇప్పటికీ ఒక పక్కకే కూర్చుంటోంది. పిల్లల కాళ్ళలో ముళ్ళు తీసేసరికి పూజితకు పొద్దుగూకింది. ఏడాదికి ఒక్కసారి, బర్రెల వాసన వదిలి చెట్టు కింద కూర్చుని నాలుగు మెతుకులు తిందామనుకుంటే, నీ వల్ల అది కూడా లేకుండా పోయింది.

నా సంగతి అడగలేదు, అయినా చెబుతున్నాను. నాకు ఒక్క ముల్లూ గుచ్చుకోలేదు. అందరూ కుంటుతుంటే వట్టి కాళ్ళతోనే చెట్టు చుట్టూ తిరిగాను, దీపం పెట్టాను. నీ చేష్టలు అమ్మవారికి తెలుసు. ఆమె చూసుకుంది.

రాజమణి

*

శాలిబండ,
31 అక్టోబర్.

అమ్మవారు ప్రత్యేకంగా చూసుకుంటున్న అక్కకు,

షర్బత్ ఒప్పుకుంటాను. బిందెలు ఒప్పుకుంటాను. రిటైర్‌మెంట్ కాయితం మాత్రం బావే రాయమన్నాడు, అడుగు. ఈ ఉత్తరం నీకిచ్చేటప్పుడు ఆయన ముఖం చూడు.

ముఖం అన్నాను కాబట్టి ఒక మాట. మా లాంటివాళ్ళం ఎవరినైనా ఆట పట్టించేటప్పుడు కాళ్ళూ చేతులూ చూడం, ముఖం చూస్తాం. మజా అంతా అక్కడే ఉంటుంది. ఆదివారం ఆట నాది కాకపోయినా, అలవాటు కొద్దీ అందరి ముఖాలూ చూశాను. పెద్దమ్మ ఎక్కడైతే ఎగిరి గంతేసిందో, సరిగ్గా ఆ చోటి మీదుగా నువ్వు దీపం పట్టుకుని నడిచావు. నేను నీ ముఖమే చూస్తున్నాను, ఇప్పుడు అబ్బా అంటుంది, ఇప్పుడు తిడుతుంది అని. నీ కనురెప్ప కూడా కదలలేదు. ఇంత ఓర్పు మా అక్కకు ఎప్పటి నుంచి అనుకున్నాను. చాయ్‌లో మీగడ తేలితేనే ఇల్లు పీకి పందిరి వేసే మనిషివి.

నవ్వులాటకు అనడం లేదు. ఒకసారి కాళ్ళు పైకి పెట్టి అడుగు భాగం చూసుకున్నావా? నువ్వు వంగలేవు, పూజితను చూడమను. షుగర్ గోళీలు వేసుకుంటున్నావా, లేక వాటినీ బర్రెలకే పెడుతున్నావా?

రామ్‌చందర్

*

లాల్‌దర్వాజా,
3 నవంబర్.

రామ్‌చందర్‌కు,

మీ బావ ముఖం చూశాను. ఆయనతో కూడా మాట బంద్.

నా కాళ్ళ గురించి నీకెందుకంత ఫికర్? ఇక్కడ నా కాళ్ళను జనం ఎట్లా చూస్తున్నారో తెలుసా? పక్కింటి శారదమ్మకు వనభోజనాల సంగతి చెప్పాను. ఆమె గల్లీ అంతా చెప్పింది. "పల్లేరు మీద నడిచినా రాజమణికి ముల్లు దిగలేదంట, దేవుని బిడ్డ" అని అనుకుంటున్నారు. మొన్న శనివారం గుడి దగ్గర ఇద్దరు ముగ్గురు నా కాళ్ళకు మొక్కారు. వద్దన్నాను. ఊరికే అనలేదు, గట్టిగానే వద్దన్నాను. వినకపోతే నేనేం చేసేది?

ఇంకొకటి విను. నిన్న నేను వంటింట్లోంచి దేవుడి అర్ర దాకా నడిచిన చోట బండల మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. కాళ్ళకు నేను పారాణి పెట్టుకోలేదు. శారదమ్మ వంగి వేలితో తాకి, "కుంకుమ, తల్లి అడుగులు" అని కళ్ళకద్దుకుంది. నలభై ఏళ్ళు పేడ ఎత్తిన మనిషిని, నన్ను ఎవరు చూశారు ఇన్నాళ్ళూ? అమ్మవారు చూసింది.

పదహారో తేదీ ఆదివారం గల్లీ ఆడవాళ్ళం అందరం మళ్ళీ ఆ జాగాకే పోతున్నాం. నేను వట్టి కాళ్ళతో నడిచి ఉసిరి చెట్టుకు దీపం పెడతాను. శారదమ్మ బస్సు మాట్లాడింది. నీ జంపఖానాలు అక్కర్లేదు. నువ్వూ అక్కర్లేదు.

రాజమణి

*

శాలిబండ,
4 నవంబర్.

అక్కా! అక్కా! నా తల్లీ!

అది కుంకుమ కాదే, నెత్తురు! దేవుడి అర్రలో నెత్తురు పారించుకుంటూ, దాన్ని పక్కింటావిడ చేత కళ్ళకద్దిస్తున్నావా! ఉత్తరం చదివి చేతిలో చాయ్ గ్లాసు వదిలేశాను. మా ఆవిడ "మళ్ల ఎవర్ని ఏడిపిస్తున్నవ్" అని అడిగింది. నా బతుకు ఇట్లా ఉంది. నేను ఏడుస్తున్నా ఎవరినో ఏడిపిస్తున్నాననే అనుకుంటారు.

మా మేడ మీద కిరాయికి ఉండే కీర్తిప్రియ తెలుసు కదా, కాదు, నీకు తెలియదు. దవాఖానలో నర్సు. ఆ పిల్లకు నీ సంగతి చెప్పాను. "చానా ఏండ్ల సంది షుగర్ ఉన్నోళ్లకు కాళ్లు మొద్దుబారుతయి అంకుల్, ఇనప మొల దిగినా తెల్వది. ముల్లు లోపల్నే ఉండి మురుగుతది. జల్ది తీస్కరాండ్రి" అంది. విన్నావా? పల్లేరు నీకు గుచ్చుకోలేదని కాదు, గుచ్చుకున్నది నీకు తెలియలేదు. అందరితో పాటు నీకూ దిగాయి. వాళ్ళవి ఆ రోజే తీశారు, నీవి ఇంకా నీ కాళ్ళలోనే ఉన్నాయి. వాటి మీదే నువ్వు గుడికి పోతున్నావు, పేడ ఎత్తుతున్నావు, మొక్కులు తీసుకుంటున్నావు.

దీని మీద మళ్ళీ పదహారో తారీఖు నడుస్తావా? నిన్ను చూసి గల్లీ ఆడవాళ్ళందరూ నడుస్తారా? బస్సులో పోయేటప్పుడు కూర్చుని పోతారు, వచ్చేటప్పుడు ఎవరెవరిని మోసుకురావాలి?

ఈ పొద్దే దవాఖానకు రా. అమ్మవారి మీద నాకేం కోపం లేదు. ఆమె పని ఆమె చేస్తుంది, డాక్టర్ పని డాక్టర్ చేస్తాడు.

రామ్‌చందర్

*

లాల్‌దర్వాజా,
6 నవంబర్.

రామ్‌చందర్,

అమ్మవారి దయను షుగర్ అన్నావు. నా తమ్ముడివి కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

నలుగురూ నాకు మొక్కుతుంటే నీకు ఓర్వలేనితనం. మొదట ముళ్ళ మీద నడిపించావు, ఇప్పుడు రోగిష్టిదాన్ని చేస్తున్నావు. నర్సు పిల్ల అనేది అసలు ఉందో లేదో, అది కూడా నీ కథేనేమో. నా కాళ్ళు నాకు బాగానే ఉన్నాయి. నొప్పి ఉంటే నాకు తెలియదా? పూజిత చూస్తానంటే దాన్నీ దగ్గరికి రానివ్వలేదు. నువ్వు పంపితేనే అడుగుతోందని నాకు తెలుసు.

ఇక మీదట షుగర్ అన్న మాట ఉన్న ఉత్తరం బర్రె దాణాలోకి పోతుంది. మీ బావకు చెప్పాను.

రాజమణి

*

శాలిబండ,
7 నవంబర్.

పూజ్యురాలైన రాజమణి అక్కకు, బుద్ధి వచ్చిన తమ్ముడు రామ్‌చందర్ రెండు చేతులూ జోడించి రాస్తున్నది.

నీ ఉత్తరం చదివి మూడు పూటలు ఆలోచించాను. తప్పు నాదే. నాలాంటి పాపాత్ముడికి దేవుడి సంగతులు ఏం అర్థమవుతాయి? నువ్వు చెప్పిందే నిజం. ఆ మాట (ఏ మాటో నీకు తెలుసు) ఇక రాయను.

నీ పేరు శాలిబండ దాకా వచ్చింది. మా గల్లీలో ఒక అమ్మాయి నీ సంగతి విని ఒకటే అడుగుతోంది, ఒక్కసారి ఆ అమ్మ కాళ్ళు కడగనిస్తారా అని. మంచి పిల్ల, నిమ్మళమైన పిల్ల. ఆదివారం పొద్దున్న పాదపూజ చేసుకుంటానంటోంది. తాంబాళం, గోరువెచ్చని నీళ్ళు, పసుపు అన్నీ తనే తెచ్చుకుంటుంది. గల్లీవాళ్ళను కూడా పిలుచుకో. శారదమ్మ తప్పకుండా ఉండాలి, ఆమె లేకపోతే శోభ రాదు.

నేను రాను. నా ముఖం నీకు చూపించే అర్హత నాకు లేదు.

నీ పాదధూళి
రామ్‌చందర్

*

లాల్‌దర్వాజా,
10 నవంబర్.

ఓరి దొంగ నా కొడకా,

పాదధూళి అని రాసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. బుద్ధి లేని దాన్ని, పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను.

గల్లీలో సగం మంది వచ్చారు. ఆ పిల్ల బొట్టు పెట్టుకుని, జడలో పూలు పెట్టుకుని ఎంత వినయంగా వచ్చిందని! "అమ్మా, కాళ్లు కడుగుతా" అని పీట ముందు కూర్చుంది. కుడి కాలు ఒళ్ళో పెట్టుకుని వెచ్చటి నీళ్ళు పోసింది. శారదమ్మ తాంబాళం పట్టుకుంది. నేను కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను. తర్వాత తాంబాళంలో టక్కుమని చప్పుడు. నాణెం వేశారేమో అనుకున్నాను. మళ్ళీ టక్కుమంది. మళ్ళీ.

కళ్ళు తెరిచాను. ఆ పిల్ల చేతిలో ముళ్ళు లాగే చిమటా ఉంది. చేతులకు రబ్బరు తొడుగులు ఉన్నాయి. తాంబాళంలో పసుపు నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, వాటి అడుగున పల్లేరు ముళ్ళు. నా కాలిలోంచి లాగుతోంది, లాగిన ప్రతిసారీ చప్పుడు వింటున్నాను. కాలు మాత్రం ఎవరిదో అన్నట్టుగా ఉంది. అంత దగ్గర కూర్చుని, నా ఒంట్లోంచే తీస్తుంటే, పక్కింట్లో ఎవరో గోడకు మేకు కొడుతున్నట్టు వినడం ఎట్లా ఉంటుందో నీకు తెలియదు.

"అమ్మా, బొటనవేలు కింద చీము పట్టింది, మస్తు లోపలికి పోయింది. రేపే డాక్టర్‌కు చూపియ్యాలె" అంది అందరి ముందూ. "నువ్వెవరివి బిడ్డా" అంటే "నర్సును" అంది. ఆ పిల్ల అబద్ధమాడలేదు, నేనే అడగలేదు. శారదమ్మ తాంబాళం కింద పెట్టేసింది. ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని పోయారు. వాకిట్లో ఆ చెప్పుల చప్పుడే నాకు ఎక్కువ వినబడింది.

దేవుడి పేరు చెప్పి నన్ను మోసం చేశావు. పట్టుచీరలో, పది మందిలో నన్ను నవ్వులపాలు చేశావు. పిల్ల కట్టు కట్టి పోయింది. నేను ఏ డాక్టర్ దగ్గరికీ రాను. వస్తే నువ్వు గెలిచినట్టు. ఇంకా నాకు రాయకు.

రాజమణి

*

శాలిబండ,
11 నవంబర్.

అక్కా,

రాయకు అన్నావు, రాస్తున్నాను. బావ ఈ ఉత్తరాన్ని దాణాలో వేయడు. నిన్న పాలు పోస్తూ నా ముందు కళ్ళు తుడుచుకున్నాడు, నాకు చూడబుద్ధి కాలేదు.

అవును, మోసం చేశాను. నిజం రాస్తే కథ అన్నావు. బతిమాలితే ఓర్వలేనితనం అన్నావు. కోడలిని పంపితే దగ్గరికి రానివ్వలేదు. నా దగ్గర ఇంకేముంది చెప్పు? నాకు వచ్చిన విద్య ఒక్కటే, దాన్నే వాడాను. ఈసారి మాత్రం దూరంగా నిలబడి నీ ముఖం చూడలేదు. ఆదివారం పొద్దంతా దుకాణంలో కుర్చీలు లెక్కపెడుతూ కూర్చున్నాను, ఒక్కసారీ లెక్క కుదరలేదు.

కీర్తిప్రియ ఒక మాట చెప్పింది. చీము ఎముక దాకా పోతే వేలు తీస్తారట. అక్కడ ఆగకపోతే పాదం. నీకు కోపం నా మీద కదా, నా మీదే ఉంచుకో. బోనాల దాకా కాదు, నేను పోయేదాకా మాట్లాడకు. గల్లీలో నేను ఓడిపోయానని చెప్పుకో, కావాలంటే నేనే గేటుకు కాయితం అంటిస్తాను, 'రామ్‌చందర్ ఓడిపోయాడు' అని. కోపం తీర్చుకోవడానికి నన్ను తిట్టు, కొట్టు, ఆ కాలిని మాత్రం మధ్యలోకి తేకు.

రేపు పొద్దున బావ స్కూటర్ మీద నిన్ను తీసుకుపోతాడు. కొత్త టైర్లు వేయించాడు. నేను రాను, కనబడను.

రామ్‌చందర్

*

లాల్‌దర్వాజా,
15 నవంబర్.

తమ్మీ,

పోయాను. నీ మాట విని కాదు, మీ బావ అన్నం తినడం మానేస్తే ఆ గోల భరించలేక పోయాను.

డాక్టరమ్మ బొటనవేలు కింద కోసి కడిగింది. ఎముక దాకా పోలేదట. ఇంకో వారం ఆగి ఉంటే వేరే మాట చెప్పేదాన్నంది. వేలు ఉంది. ఆ తర్వాత నా మీద అరిచింది చూడు, మన అమ్మ కూడా నా మీద అట్లా అరవలేదు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలట. "దేవుడి అర్రలోనా?" అంటే, "దేవుని అర్రల ముల్లు ఉండదని దేవుడేమన్న రాసిచ్చిండా పెద్దమ్మా?" అంది. నీకు చుట్టమేమో కనుక్కో.

నిన్న సాయంత్రం గల్లీ ఆడవాళ్ళు వచ్చారు, రేపటి బస్సు ఎన్నింటికి అని. ఆ రోజు చెప్పులేసుకుని పోయినవాళ్ళే, నాలుగు రోజులకు మనసు మార్చుకున్నారు. ముళ్ళు దిగినా నొప్పి తెలియకపోవడమే అసలైన మహిమ అని శారదమ్మ చెప్పిందట. నా కట్టుకు కూడా మొక్కబోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మహిమా లేదు, మన్నూ లేదు, నా కాలు సచ్చిపోయింది, అందుకే తెల్వలే" అన్నాను. "గట్లనకు రాజమణీ, కండ్లు పోతయి" అంది శారదమ్మ. ఎంత చెప్పినా వినరు. నువ్వు నాతో ఎంత విసిగి ఉంటావో అప్పుడు తెలిసింది. ఇది క్షమాపణ కాదు.

అందరినీ అరుగు మీద వరసగా కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాను. చీపురు పుల్ల ఒకటి విరిచి, డాక్టరమ్మ నాకు చేసినట్టే ఒక్కొక్కరి అరికాలి మీద గీస్తూ వచ్చాను. పుల్ల తగలగానే ఒకరు కిసుక్కున నవ్వారు, ఒకరు కాలు లాక్కున్నారు, ఒకావిడ నన్నే తన్నింది. "సూసిన్రా? ఎవరి కాళ్లు వాళ్ల మాట వింటున్నయి. నాది వినలే, గంతే" అన్నాను. అందరూ నవ్వుతున్నారు. నాకూ నవ్వొచ్చింది.

చివర శారదమ్మ. మడమ నుంచి వేళ్ళ దాకా గీశాను. ఊరుకుంది. పంతం పట్టిందేమో అనుకుని కొంచెం గట్టిగా గీశాను. రెండో కాలూ గీశాను. ఆమె కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఎంతసేపు రాజమణీ, షురూ చెయ్యవా?" అంది.

నవ్వులు ఆగిపోయాయి. నేను పుల్లను కొంగు చాటున దాచి, "అయిపోయింది, నీ కాళ్లు మస్తుగున్నయి" అనేశాను. నోట్లోంచి అట్లా వచ్చేసింది. ఆమె సంతోషంగా ఇంటికి పోయింది. మిగతావాళ్ళు నా ముఖం, నేను వాళ్ళ ముఖాలు చూస్తూ కూర్చున్నాం. బస్సు వద్దని చెప్పించాను.

సోమవారం పొద్దున్నే ఆటో తీసుకుని రా. ఇద్దరం దవాఖానకు వస్తాం. శారదమ్మకు ఏం చెప్పి ఎక్కించాలో నాకు తోచడం లేదు. నిజం చెబితే ఆమె రాదు, నాలాంటిదే. ఏదైనా మంచి అబద్ధం ఆలోచించుకుని రా.

అక్క
రాజమణి